రెండో డబ్బా కొరివికారం

యలమందయ్య వేటకి బయల్దేరుతూ ఒక డబ్బా కొరివికారం అడిగితే అది మామూలు వేట. రెండు డబ్బాలు అడిగాడంటే గుంట దగ్గరికి పోతున్నాడని అర్థం. ఈ సంగతి ఆయన భార్య వెంకటరావమ్మకి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఆఖరికి యలమందయ్యకి కూడా తెలియదు.

నిజాంపట్నం రేవులో యలమందయ్య పాత సరంగు. బోటు నాగేంద్రబాబుగారిది, చక్రం మాత్రం ఆయనది. వలెక్కడ దించాలో, ఎప్పుడు ఎత్తాలో, ఎటు తిరగాలో చెప్పేది ఆయనే. చాలా ఏళ్ళ కిందట ఒకసారి ఇంజను ఆగిపోయి బోటు ఎటో కొట్టుకుపోయింది. ఊరికే కూర్చోలేక వల దించితే, పైకొచ్చిన వల నిండా చందువ చేపలు. అక్కడ సముద్రం అడుగున పెద్ద గుంట ఉందనీ, చందువలు దాన్లో మంద కట్టి ఉంటాయనీ ఆయన కనిపెట్టాడు. ఆనాటి నుంచీ వేట బాగా లేనప్పుడల్లా, వంకర టింకర దారుల్లో తిరిగి తిరిగి, తన కలాసీలకి కూడా దిక్కు తెలియకుండా ఆ గుంట దగ్గరికి చేరేవాడు. చందువ కోసం ఎక్కువసేపు ఉండాల్సొస్తుంది కాబట్టి అన్నంలోకి రెండో డబ్బా.

మేనల్లుడే అల్లుడైన వీరబాబు కూడా సరంగే. తను చక్రం దిగిన రోజున ఆ గుంటని అల్లుడి చేతిలో పెట్టాలని యలమందయ్య కోరిక. దిగేదాకా మాత్రం అల్లుడికైనా సరే చెప్పేది లేదు.

అట్లాంటి మనిషి బోటులోకి కొత్త మిషను వచ్చింది.

అంతకుముందు పెట్టెలు లేవని కాదు. దారి చూపేదొకటి, లోతూ చేపల గుంపూ చూపేదొకటి, ఒడ్డుతో మాట్లాడే వైర్‌లెస్సొకటి. దసరా వెళ్ళాక నాగేంద్రబాబుగారు వాటన్నిటినీ పీకించి, తన మూడు బోట్లకీ తలా ఒక పెద్ద తెర పెట్టించారు. దారీ, లోతూ, చుట్టుపక్కల ఏముందో చూపే రాడారూ, ఒడ్డు నుంచి వచ్చే కబుర్లూ అన్నీ ఆ ఒక్క తెర మీదే. పైగా బోటు ఎక్కడుందో అది ఎప్పటికప్పుడు ఒడ్డుకి చెప్పేస్తుంది. ఇంట్లోవాళ్ళ ఫోన్లలో సముద్రం పటం మీద ఒక ఆకుపచ్చ చుక్క మెల్లగా కదులుతూ ఉంటుంది.

మూడు బోట్లకీ ముగ్గురు సరంగులు. ముగ్గురివీ మూడు దారులు.

వీరబాబుకి ఆ తెరంటే ముద్దు. “వేలితో లాగితే సముద్రం దగ్గరికొస్తది మామయ్యా” అన్నాడు.

“సముద్రం దగ్గరికొస్తే మునిగిపోతాం రా అల్లుడా. దూరంగానే ఉండనీ” అన్నాడు యలమందయ్య.

మూడో బోటు సరంగు జక్రయ్య, పాస్టరుగారితో ప్రార్థన చేయించి మరీ తెర పెట్టించుకున్నాడు. ఆ తర్వాత దాని మీద తువ్వాలు కప్పేశాడు. “అది నన్నే చూస్తన్నట్టుందన్నా” అన్నాడు యలమందయ్యతో.

యలమందయ్య తెరకి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టాడు గానీ, ఇంటికొచ్చి భార్య దగ్గర మొదలుపెట్టాడు.

“వంటిల్లూ, పడగ్గదీ, దేవుడి మూలా అన్నీ ఒకే గదిలో పెట్టినట్టుందే అది. ఇదివరకు ఏ పెట్టె కావాలంటే ఆ పెట్టె తెరిచేవోణ్ణి, అక్కర్లేంది మూసేవోణ్ణి. ఇప్పుడు తలుపన్నదే లేదు.”

“నీకు తలుపెందుకయ్యా సముద్రంలో?” అంది వెంకటరావమ్మ, ఏమీ ఎరగనట్టు.

ఆయన మాట మార్చాడు. “మంచులో బాగా పనికొస్తది లే. ఎదురుగా ఓడ వస్తన్నా చెప్పుద్ది” అని ఒప్పుకున్నాడు. ఆ మాట ఎవరితోనూ అనొద్దన్నాడు.

వెంకటరావమ్మకి మాత్రం ఆ చుక్క వచ్చాక ప్రాణం లేచొచ్చింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన వేటకెళ్ళాడంటే ఆమెకి ముద్ద సరిగ్గా దిగేది కాదు. ఇప్పుడు పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఒకసారి, జడేసుకుంటూ ఒకసారి ఫోను చూసుకుంటుంది. చుక్క కదులుతుంటే ఆయన వల లాగుతున్నట్టు. ఆగితే అన్నం తింటున్నట్టు. మొగుడు అన్నం తినే వేళ అన్నేళ్ళ కాపురంలో ఆమెకి మొదటిసారి తెలిసింది.

ఆ సుఖం పుష్యమాసంలో తగలబడింది. యలమందయ్య రెండు డబ్బాలు పట్టుకెళ్ళాడు, గుంట దగ్గరపడుతుందనగా మీట నొక్కి చుక్క ఆర్పేశాడు. చీరాలలో ఇంట్లో కూర్చుని ఫోను చూస్తున్న నాగేంద్రబాబుగారికి చెమటలు పట్టాయి. బోటు మునిగిందేమోనని రేవంతా ఫోన్లు చేసి, వెతకడానికి ఇంకో బోటుని పంపించారు. యలమందయ్య నింపాదిగా చందువలేసుకుని ఒడ్డుకొచ్చి, “వైరు లూజైంది బాబుగారూ” అన్నాడు.

బాబుగారు నెమ్మదస్తుడు. ఆ రోజు మాత్రం గొంతు పెంచారు. “చూడు యలమందా. బోటు పోతే ఇంకోటి కొనుక్కుంటా. దాన్లో ఉన్న మనుషుల ఇళ్ళకెళ్ళి నేనేం చెప్పను? ఈసారి వైరు లూజైతే చక్రం ఇంకొకరికిస్తా. నువ్వొడ్డున కూర్చుని వలలు అల్లుకో.”

అన్నంత పనీ చేసే మనిషే. చక్రం లేని యలమందయ్య ఎట్లా ఉంటాడో వెంకటరావమ్మకి తెలుసు. ఏటా వేట నిషేధం ఉన్న రోజుల్లో ఆయన ఇంట్లో గిన్నెలు సర్దుతాననీ, గోడకి మేకులు కొడతాననీ తిరుగుతుంటే ఆమెకి చూడటానికి జాలేస్తుంది.

“చుక్క ఆర్పమాకయ్యా, నీకు దణ్ణం పెడతా” అంది.

“ఆర్పను లేవే” అన్నాడు.

అన్న మనిషి మాఘమాసంలో ఒకరోజు గుమ్మంలో నిలబడి, గోడకేసి చూస్తూ, “రెండు డబ్బాలు పెట్టు” అన్నాడు. ఆమె రెండూ నింపి ఇచ్చింది.

*

మిరపకాయల కోతలప్పుడు వెంకటరావమ్మ సత్తెనపల్లి సంతకి ఎండుచేపలు తీసుకెళ్తుంది. రేపల్లె దాకా ఆటో, గుంటూరు దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ కోతకొచ్చిన కూలీలతో నిండి ఉంటాయి. వాళ్ళకి సాయంత్రం అన్నంలోకి ఎండు నెత్తళ్ళో రొయ్యపప్పో ఉండాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు ఆమె పండుమిరపకాయలు కొనుక్కొస్తుంది. యలమందయ్య కొరివికారం ఆ కాయలదే. చింతపండేసి రోట్లో తొక్కితే, చూస్తేనే నోట్లో నీళ్ళూరేంత ఎరుపు.

ఆయన వేటకెళ్ళిన మర్నాడు ఆమె సంతకి బయల్దేరితే కూతురు నాగజ్యోతీ, జక్రయ్య భార్య సువార్తమ్మా కూడా వచ్చారు. ముగ్గురూ పక్కపక్కనే గోతాలు పరిచి కూర్చున్నారు. పొద్దున్నే మంచు దట్టంగా ఉంది. కల్లాల మీంచి వచ్చే మిరప ఘాటు ఆ మంచులో కలిసి, సంతలో సగం మంది తుమ్ముతున్నారు.

వెంకటరావమ్మ ఫోను కాటాకి ఆనించి నిలబెట్టింది. బేరానికొచ్చిన వాళ్ళు నెత్తళ్ళ ధర అడిగేముందు చుక్క ఎక్కడుందని అడగడం అప్పటికే అలవాటు చేసుకున్నారు.

“మీ ఆయన ఎందాకొచ్చాడు?” అంది నడుముకి పైట బిగించిన ఒక కూలీ మనిషి, వంగి చూస్తూ.

“ఇదిగో, ఇక్కడ.”

“ఇంతేనా సముద్రం? మా పత్తి చేలో ఇంతకన్నా మిట్టపల్లాలుంటయ్.”

“దిగి చూడు, తెలుస్తది” అంది సువార్తమ్మ. అందరూ నవ్వారు.

అంతలో చుక్క ఆరిపోయింది.

వెంకటరావమ్మ చేతిలో తూకం రాయి అట్లాగే ఉండిపోయింది. ఫోను తీసి చీర కొంగుతో తుడిచింది. చుక్క లేదు. నీలం రంగు సముద్రం, అంతే.

“అమ్మా” అంది నాగజ్యోతి పక్కనుంచి, తన ఫోను చూసుకుంటూ. “మీ అల్లుడి చుక్క కూడా పోయింది.”

సువార్తమ్మ రొంటినున్న ఫోను తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. “మాది కూడా అక్కా.”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తుఫాను రోజులు కావు. గాలి లేదు. వెంకటరావమ్మకి ముందు భయమేసింది. తర్వాత సువార్తమ్మ ముఖంలో భయం లేకపోవడం కనిపించింది. ఆమె పెదవి కొరుక్కుంటోంది.

“ఏందే సువార్తా?”

“ఏం లేదక్కా.”

“మీ ఆయనే ఆర్పాడని నీకు తెలుసు.”

సువార్తమ్మ కాసేపు రొయ్యపప్పు కెలికింది. “ఈ మాట చెబితే ఆయన నన్ను చంపేస్తాడక్కా. ఆయనకొక చోటుంది. ఎవరికీ తెలవదు. ఒకనాడు ప్రార్థన చేసుకుని కళ్ళు తెరిస్తే దేవుడు చూపిచ్చాడంట. అక్కడికి పోయేముందు గడ్డం గీసుకుంటాడు. పెళ్ళికి పోతన్నట్టు. నిన్న గీసుకున్నాడు.”

నాగజ్యోతి గభాలున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నీకేమైందే?” అంది తల్లి.

“ఈయనకీ ఒక చోటుందమ్మా. పక్షులు వాలుతుంటే చూసి కనిపెట్టాడంట. అక్కడికి పోయే రోజు పిల్లని రెండుసార్లు ముద్దుపెట్టుకుంటాడు. మామూలప్పుడు ఒకసారే. నాన్నకి మాత్రం తెలియనీయొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు.”

వెంకటరావమ్మ లోపల ఏదో గిలిగింతలు పెడుతున్నట్టయింది. మూడు ఫోన్లూ తీసుకుని గోతం మీద వరసగా పెట్టింది. బోటు వచ్చిన దారి పటం మీద సన్నటి గీతలా మిగిలే ఉంది. యలమందయ్య గీత దక్షిణం నుంచి వంకరలు పోతూ వచ్చి ఆగింది. వీరబాబుది తూర్పు నుంచి. జక్రయ్యది ఉత్తరం నుంచి. మూడు గీతల కొసలూ ఒకే చోటుకి చూపిస్తున్నాయి.

“చందువలేనా?” అంది మెల్లగా.

“చందువలే” అన్నారిద్దరూ.

మొదట నాగజ్యోతి నవ్వింది. తర్వాత సువార్తమ్మ. ఆ తర్వాత ముగ్గురికీ ఆగలేదు. ఇన్నేళ్ళుగా ఒకే గుంటకి, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకరెళ్ళిన రోజు ఇంకొకరు తగలకుండా, దొంగదారుల్లో తిరుగుతున్న ముగ్గురు మగవాళ్ళు వాళ్ళ కళ్ళముందు కనిపించారు. బేరానికొచ్చిన మనిషికి సంగతేమిటో తెలియకపోయినా తనూ నవ్వింది.

వెంకటరావమ్మ ఫోను మోగింది. నాగేంద్రబాబుగారు.

“వెంకట్రావమ్మా, ముగ్గురూ ఆర్పేశారు. చూశావా?”

“చూశాను బాబుగారూ.” ఆమె నవ్వు ఆగిపోయింది.

“పెద్దవాడు మీ ఆయనే. ఆయన్ని చూసే మిగతా ఇద్దరూ తయారయ్యారు. బయట ఎంత మంచుందో తెలుసా? నేను కిందటిసారే చెప్పాను. ఒడ్డుకి రాగానే చక్రం దిగమను.”

“వైరేమో బాబుగారూ…”

“మూడు బోట్లలో మూడు వైర్లు ఒక్కసారే లూజయ్యాయా?”

“కొంచెం ఆగండి బాబుగారూ. నేను కబురు పెడతా. చుక్క కనపడకపోతే మీ ఇష్టం” అంది.

“పెట్టు. చూస్తూ కూర్చుంటా” అని ఆయన ఫోను పెట్టేశారు.

మిషను బిగించిన జాన్ బాషా అప్పట్లోనే రేవులో అందరికీ చెప్పాడు. చుక్క ఆర్పినా, ఒడ్డు నుంచి పంపిన కబురు తెర మీద పడుతుందని. నాగజ్యోతి ఫోను అందుకుంది. “ఏం రాయను? బాబుగారు కోప్పడుతున్నారని రాయనా?”

వెంకటరావమ్మ తల అడ్డంగా ఊపింది. ఆయన సంగతి ఆమెకి తెలుసు. బాబుగారి కోపానికి భయపడే మనిషైతే చుక్క ఆర్పనే ఆర్పడు. వైరు లూజన్న మాట ఇంకోసారి చెప్పడానికి కూడా సిద్ధంగా ఉండి ఉంటాడు. దాచుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదని తెలిస్తేనే ఆయన చెయ్యి ఆ మీట మీదకి పోతుంది.

“అసలు సంగతే రాయి” అంది.

“అమ్మా, నాన్న మనసు విరిగిపోద్ది. ఆ గుంట ఆయనకి ప్రాణం.”

“విరిగితే నేనున్నా. అతికిచ్చుకుంటా. చక్రం పోతే అతికిచ్చే విద్య నాకు రాదు. రాయవే.”

ఆమె చెబుతుంటే నాగజ్యోతి రాసింది. ‘నీ గుంట దగ్గర నువ్వొక్కడివే లేవు. అల్లుడున్నాడు, జక్రయ్య ఉన్నాడు. వాళ్ళూ చుక్కలు ఆర్పారు. మంచులో గుద్దుకునేరు. వెలిగించు.’

ఇట్లాంటి కబురే మిగతా రెండు బోట్లకీ పంపేశాక ముగ్గురూ గోతం మీద వంగి కూర్చున్నారు. నెత్తళ్ళు అడిగిన వాళ్ళకి ఎవరూ తూచలేదు. అడిగినవాళ్ళు కూడా వెళ్ళిపోకుండా నిలబడి చూస్తున్నారు. మంచు విడుతోంది. సంతకి అవతల కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు నేలంతా ఎర్రగా కనిపించడం మొదలుపెట్టాయి.

ముందు యలమందయ్య చుక్క వెలిగింది.

“వచ్చిందిరో” అంది పైట బిగించిన మనిషి, తన మొగుడే వచ్చినట్టు.

కాసేపటికి వీరబాబుది. ఇంకాసేపటికి జక్రయ్యది. తువ్వాలు తీయడానికి ఆలస్యమై ఉంటుందని సువార్తమ్మ అంది. మూడు చుక్కలూ ఎంత దగ్గరగా ఉన్నాయంటే వేలు పెడితే మూడూ కనపడకుండా పోతాయి.

ఫోను కిర్రుమంది. సముద్రం నుంచి జవాబు. యలమందయ్య అక్షరాలు ఒక్కొక్కటే పొడుస్తూ రాసి ఉంటాడు. ‘నీకు ఎట్టా తెలుసు?’

వెంకటరావమ్మ ఈసారి ఫోను తనే తీసుకుంది. చూపుడువేలితో వెతుక్కుంటూ ఒకే ఒక్క మాట రాసి పంపింది.

‘కొరివికారం.’



బాబుగారు ఫోను చేశారు. “ముగ్గురూ ఒకేచోట ఉన్నారేంటమ్మా?”

“మంచు కదా బాబుగారూ. ఒకళ్ళకొకళ్ళు తోడుగా ఉన్నట్టున్నారు.”

“మరి అట్లా ఉండాలి. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. సర్లే, ఈసారికి వదిలేస్తున్నానని చెప్పు” అన్నారు, గొంతులో కోపం పోయి. వెంకటరావమ్మ ఫోను కాటాకి ఆనించి, ఎదురుగా ఉన్న మనిషికి నెత్తళ్ళు తూచి, పైన ఇంకో గుప్పెడు వేసింది.

*

యలమందయ్య ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగాడు. వెంకటరావమ్మ చందువ ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టిస్తూ, మనసు విరిగిన చోటు ఎక్కడుందా అని ఆయన ముఖంలో వెతికింది.

“నీ కబురు రాకముందే తెర మీద రెండు మచ్చలు పడ్డయ్” అన్నాడు చివరికి. “రాడారుకి మన దొంగతనాలు తెలవవు గందా. చుక్కలార్పినా కొయ్యా ఇనుమూ కనబడతయ్. దుంగలు రా, కొట్టుకొచ్చినయ్ అని కలాసీలకి చెప్పా.”

“మరి?”

“నీ కబురొచ్చినాక మీట నొక్కా. వాళ్ళకీ ఇళ్ళ నుంచి కబురొచ్చినట్టుంది, వాళ్ళూ నొక్కారు. మచ్చల పక్కన బోట్ల పేర్లు వచ్చినయ్. ఇంక చేసేదేముంది, హారన్ కొట్టా. అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి పలికినయ్. మంచు విడేసరికి ముగ్గురం ఇంతే దూరంలో.” చేతులు చాచి చూపించాడు. అరుగు వెడల్పు కన్నా ఎక్కువ లేదు. “అల్లుడు చక్రం పట్టుకుని, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలవక, నాకు దణ్ణం పెడతన్నాడు. జక్రయ్యగాడు తెర మీద తువ్వాలు తీసి మొహాన కప్పుకున్నాడు.”

ఆయన తల దించుకున్నాడు. వెంకటరావమ్మ చెయ్యి ఆపి చూసింది. ఏడుస్తాడనుకుంది. యలమందయ్య నవ్వుతున్నాడు. ముందు మెల్లగా, తర్వాత భుజాలు ఎగిరేలా.

“ఇన్నేళ్ళు, ఒసే, ఇన్నేళ్ళు. వాడికి కనపడకూడదని నేను దక్షిణం నుంచి తిరిగిపోవడం, నాకు కనపడకూడదని వాడు ఉత్తరం నుంచి. ఆ తిప్పుకి కాలిన డీజిలుతో లంక చుట్టి రావచ్చు.”

“చేపలు సరిపోయినయ్యా ముగ్గురికీ?”

“అందరికీ పడ్డయ్. మూడు బోట్లు పక్కపక్కనే వలలేస్తే మంద చెదరకుండా మధ్యకొచ్చింది. ముందే తెలిస్తే…” అని ఆపి, గడ్డం గోక్కున్నాడు. “నీ కొరివికారం కూడా అయిపోయింది. గడకర్రకి డబ్బా కట్టి ఆ బోటుకీ ఈ బోటుకీ అందిచ్చా. అల్లుడు డబ్బా అడుగు నాకాడు.”

ఆ ఆదివారం వీరబాబూ నాగజ్యోతీ, జక్రయ్యా సువార్తమ్మా భోజనానికొచ్చారు. అరిటాకుల ముందు కూర్చుని ఆ గుంట ముందు ఎవరు కనిపెట్టారో ముగ్గురూ తగువులాడుకున్నారు. యలమందయ్య ఇంజను ఆగిన రోజన్నాడు. జక్రయ్య తన ప్రార్థన అంతకుముందు ఏటి క్రిస్మస్‌దన్నాడు. వీరబాబు మాత్రం తనే ఆఖరివాణ్ణని ఒప్పుకున్నాడు.

“నా తర్వాత నీకే ఇద్దామనుకున్నా రా అది” అన్నాడు మామ.

“నా తర్వాత నా కూతురి మొగుడికిద్దామని నేనూ దాచా మామయ్యా” అన్నాడు అల్లుడు. జక్రయ్యకి పొరపోయి, సువార్తమ్మ వీపు తట్టాల్సొచ్చింది.

అందరూ వెళ్ళాక యలమందయ్య భార్య పక్కన కూర్చుని, ఆమె అంట్లు తోముతుంటే నీళ్ళు పోశాడు.

“నీకెప్పట్నించి తెలుసే?”

“నువ్వు మొదటిసారి రెండో డబ్బా అడిగిన నాటి నుంచి.”

“మరి ఒక్కళ్ళకీ చెప్పలేదేం? నాకు కూడా.”

“నీకు తెలిసిన సంగతే గందా, మళ్ళీ నీకెందుకు చెప్పటం?” అంది ఆమె. యలమందయ్య చెంబు పట్టుకుని ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. నీళ్ళు గిన్నెలో కాక ఆమె కాళ్ళ మీద పడ్డాయి.

తర్వాతి వేటకి బయల్దేరిన రోజున ఆయన గుమ్మంలో నిలబడి, ఈసారి గోడకేసి కాకుండా ఆమెకేసే చూస్తూ, వీధి చివరికి వినపడేలా అడిగాడు. “రెండు డబ్బాలు పెట్టవే.”

“రెండు చాలవు” అంది వెంకటరావమ్మ. సత్తెనపల్లి నుంచి తెచ్చిన పండుమిరప అప్పటికే తొక్కి ఉంది. అటక మీంచి దింపి కడిగి పెట్టిన పెద్ద క్యానులోకి, మూడు బోట్లకీ సరిపడా, గరిటెతో నింపుతోంది.